పాత ఎక్స్‌పీకి కొత్త ముస్తాబు

ప్రశ్న: విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి నా దగ్గర ఉంది. సర్వీస్ ప్యాక్ 3, మెమరీ 512 ఎంబీ, తెర 1024×768. నా పాత స్కానర్ దీనితో తప్ప పనిచేయదు కాబట్టి ఉంచుకున్నాను. రోజూ చూసేదే కదా, కాస్త అందంగా ఉంటే బాగుంటుందని నల్లరంగు థీమ్ ఒకటి తెచ్చి పెట్టాను. నలుపు రాలేదు సరికదా, ఉన్న నీలం కూడా పోయి అంతా బూడిదరంగు అయింది. ఐకాన్ల పేర్ల వెనక రంగు పట్టీలు కనిపిస్తున్నాయి. ఫోనుతో తీసిన ఫోటోను వాల్‌పేపర్‌గా పెడితే రెండు రోజులు ఉంది. ఒక ఉదయం దాని స్థానంలో తెల్లటి పేజీ, మధ్యలో 'రీస్టోర్ మై యాక్టివ్ డెస్క్‌టాప్' అనే బటన్ వచ్చాయి. నొక్కితే ఏదో స్క్రిప్ట్ ఎర్రర్ అంటోంది. ఐకాన్లను ఎలా సర్దినా మర్నాటికి పాత చోట్లకే పోతున్నాయి. మధ్యలో మా అబ్బాయి స్నేహితుడు వేగం పెంచుతానని ఏవో సెట్టింగులు మార్చాడు. గడియారం, క్యాలెండర్, అడుగున ఐకాన్ల వరుస చూపే చిన్న ప్రోగ్రాములు కూడా పెట్టాడు. అప్పటి నుంచి షట్‌డౌన్ ఎంతకీ పూర్తి కావడం లేదు, విసుగొచ్చి స్విచ్ ఆపేస్తున్నాను. సిస్టమ్ ఫైలు ఒకటి మారిస్తే అన్నీ కుదురుకుంటాయని ఇప్పుడు అతనే అంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: మార్చవద్దు. ఎందుకు వద్దో తర్వాత చెబుతాను. ముందు మీ ఉత్తరాన్ని మరోసారి చదువుదాం. మీ బాధలకు మందు దాదాపు అందులోనే ఉంది.

మీరు చెప్పిన ఫిర్యాదులు అయిదు: బూడిదరంగు, పట్టీలు, తెల్ల పేజీ, పారిపోయే ఐకాన్లు, పూర్తికాని షట్‌డౌన్. ఫిర్యాదులు అయిదని కారణాలు కూడా అయిదు ఉండాలని లేదు. అసలు సంగతులను మీరు చివర్లో, ఏదో మాటవరసకు చెప్పినట్టు రెండు వాక్యాల్లో రాశారు. ఒకటి, మీ అబ్బాయి స్నేహితుడు వేగం కోసం సెట్టింగులు మార్చాడన్నది. రెండోది, మీరు స్విచ్ ఆపేస్తున్నారన్నది. ఇలాంటి ఉత్తరాల్లో అసలు విషయం ఎప్పుడూ 'మధ్యలో', 'అప్పటి నుంచి' అనే మాటల పక్కనే దాక్కుని ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క జాగ్రత్త తీసుకోండి. స్టార్ట్ మెనూలో ఆల్ ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, సిస్టమ్ టూల్స్ వరుసగా తెరిస్తే సిస్టమ్ రీస్టోర్ కనిపిస్తుంది. అక్కడ ఈ రోజు తేదీతో ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. మనం చేయబోయే పనుల్లో ప్రమాదకరమైనది ఏదీ లేదు. అయినా దిగే ముందు మెట్లు ఎక్కడున్నాయో చూసుకోవడం మంచిది. స్కాన్ చేసిన కాగితాలను మాత్రం విడిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. సిస్టమ్ రీస్టోర్ విండోస్ సెట్టింగులను వెనక్కి తెస్తుంది గానీ మీ సొంత ఫైళ్లకు పూచీ పడదు.

ఇక పట్టీల సంగతి. బూడిదరంగుకు కారణం థీమేనని మీరు అనుకుంటున్నారు. ఆ థీమ్ నిర్దోషి అని నేనూ అనను, దాని దగ్గరకు తర్వాత వస్తాను. కానీ థీమ్ ఎంత చెడ్డదైనా ఐకాన్ల పేర్ల వెనక పట్టీలు పుట్టించదు. ఎక్స్‌పీలో ఆ పేర్ల వెనక రంగు లేకుండా, అక్షరాలకు చిన్న నీడ మాత్రమే ఉండేలా చూసే సెట్టింగు వేరే ఉంది. పాత విండోస్‌ల నాటి బూడిదరంగు క్లాసిక్ రూపంలో కూడా అది బాగానే పనిచేస్తుంది. అంటే బూడిదరంగూ పట్టీలూ కలిసి వచ్చాయంటే, రెండింటినీ ఒకేసారి తీసేసే బటన్‌ను ఎవరో నొక్కి ఉండాలి. అలాంటి బటన్ ఒకటి ఉంది. దాని పేరు 'అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్'. వేగం పెంచుతానన్న వాళ్లు మొదట వెళ్లే చోటు అదే.

మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట సెట్టింగ్స్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే విజువల్ ఎఫెక్ట్స్ అనే ట్యాబ్ వస్తుంది. నేను ఊహించినట్టే అయితే అక్కడ కింద ఉన్న గళ్లన్నీ ఖాళీగా, ఒక్క టిక్కు లేకుండా ఉంటాయి. ఇక్కడ చాలామంది చేసే పని రెండో కొసకు పరుగెత్తి 'బెస్ట్ అప్పియరెన్స్' నొక్కడం. మీ యంత్రానికి అది అనవసరమైన బరువు. కస్టమ్ అనే ఎంపికలో ఉండి, రెండే గళ్లలో టిక్కు పెట్టండి. 'యూజ్ డ్రాప్ షాడోస్ ఫర్ ఐకాన్ లేబుల్స్ ఆన్ ద డెస్క్‌టాప్' ఒకటి, జాబితా చివర్లో ఉండే 'యూజ్ విజువల్ స్టైల్స్ ఆన్ విండోస్ అండ్ బటన్స్' ఒకటి. అప్లై నొక్కగానే తెర ఒక్క క్షణం ఆగి, మీ పాత నీలం తిరిగి వస్తుంది. మెనూలు జారుతూ తెరుచుకోవడం, కిటికీలు చిన్నవవుతూ ఆడటం లాంటి విన్యాసాలు ఆపేసే ఉంచండి. ఆ స్నేహితుడు కోరుకున్న వేగంలో ఎక్కువ భాగం వాటిని ఆపడం వల్ల వచ్చేదే. అతన్ని ఏమీ అనకండి. అతను చేసింది తప్పు కాదు, చెప్పకుండా చేశాడు, అంతే.

టిక్కు పెట్టినా నీలం రాకపోతే చూడవలసిన చోట్లు రెండే. కంట్రోల్ ప్యానెల్‌లో అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, అందులో సర్వీసెస్ తెరవండి. జాబితాలో థీమ్స్ అనే పేరు వెతికి దానిమీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్ ఆటోమేటిక్‌గా మార్చి స్టార్ట్ నొక్కండి. వేగం పెంచే చిట్కాల జాబితాల్లో ఈ సర్వీసును ఆపేయమని రాయడం ఒకప్పుడు బాగా ఉండేది, అది ఆగితే ఎక్స్‌పీకి క్లాసిక్ తప్ప వేరే రూపం తెలియదు. రెండో చోటు రంగుల లోతు. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కితే వచ్చే డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో సెట్టింగ్స్ ట్యాబ్ చూడండి, అక్కడ కనీసం 16 బిట్ ఉండాలి. 256 రంగులకు పడిపోతే కూడా బూడిదే మిగులుతుంది. అలా పడిపోయిందంటే గ్రాఫిక్స్ డ్రైవర్ చెడిందని అనుమానించాలి. మీ తెర 1024×768 దగ్గర నిలకడగానే ఉంది కాబట్టి మీకు ఆ భయం లేదు.

ఇప్పుడు తెల్ల పేజీ. యాక్టివ్ డెస్క్‌టాప్ అన్నది 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చిన ఆలోచన. తెర వెనకభాగాన్నే ఒక వెబ్ పేజీలా మార్చి, అందులో వార్తలూ చిత్రాలూ కదిలించవచ్చని అప్పట్లో ఉత్సాహపడ్డారు. పెద్దగా ఎవరూ వాడలేదు, ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టాలో తీసేశారు. మధ్యలో ఉన్న ఎక్స్‌పీలో మాత్రం అది పాత ఇంట్లో వాడని గదిలా మిగిలిపోయింది. డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ ప్రోగ్రాం పని మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు విండోస్ ముందుజాగ్రత్తగా యాక్టివ్ డెస్క్‌టాప్‌ను ఆపి ఆ తెల్ల కాగితాన్ని చూపిస్తుంది. మీ ఇంట్లో అది హఠాత్తుగా ఎందుకు ఆగుతోందో మీరే రాశారు. స్విచ్.

ఐకాన్ల కథ కూడా అదే. మీరు ఐకాన్‌ను లాగి పెట్టిన చోటును ఎక్స్‌ప్లోరర్ వెంటనే డిస్కు మీద రాసుకోదు, చాలావరకు సెలవు తీసుకునేటప్పుడు, అంటే లాగాఫ్ లేదా షట్‌డౌన్ సమయంలో రాసుకుంటుంది. రాసుకునేలోపే కరెంటు పోతే దానికి గుర్తున్నది పాత అమరికే. రైట్ క్లిక్ మెనూలో 'ఆటో అరేంజ్' వల్ల ఇలా అవుతోందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆటో అరేంజ్ ఉంటే ఐకాన్ లాగిన మరుక్షణమే తిరిగి ఎడమవైపు వరుసలోకి దూకుతుంది, మర్నాటి దాకా ఆగదు. మీరు 'మర్నాటికి' అన్నారు, ఆ ఒక్క మాటతో దానికి విముక్తి దొరికింది.

కాబట్టి రెండు పనులు. పేజీని శుభ్రం చేయడం, షట్‌డౌన్‌ను బాగుచేయడం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే వారం తిరక్కుండానే మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

పేజీ సంగతి ముందు. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డెస్క్‌టాప్ ట్యాబ్, అందులో 'కస్టమైజ్ డెస్క్‌టాప్' బటన్, అక్కడ వెబ్ ట్యాబ్. చిన్న జాబితా కనిపిస్తుంది. 'మై కరెంట్ హోమ్ పేజ్' అన్న దానికి టిక్కు ఉంటే తీసేయండి. దానికి అదనంగా ఏమున్నా డిలీట్ చేయండి. అడుగున 'లాక్ డెస్క్‌టాప్ ఐటమ్స్' అన్న టిక్కు కూడా తీసేయండి. పట్టీలు ఇంకా పోలేదని మీరు అంతకుముందే గొణుక్కుని ఉంటే, అందుకు కారణం ఇక్కడే దొరుకుతుంది. తెర వెబ్ పేజీగా ఉన్నంతసేపు పేర్ల వెనక పట్టీలు ఉండే తీరతాయి. ఓకే నొక్కి, వాల్‌పేపర్ల జాబితాలో విండోస్‌తో వచ్చినదాన్నే ఒకటి ఎంచుకుని అప్లై చేయండి. పచ్చటి కొండ, నీలాకాశం ఉన్న 'బ్లిస్' అయినా సరే.

అయినా తెల్ల పేజీ మొండికేస్తే దాని మూలమైన ఫైలునే తీసేయవచ్చు. ముందుగా ఏదైనా ఫోల్డరు తెరిచి టూల్స్, ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూ ట్యాబ్‌లో దాచిన ఫైళ్లను చూపించమనే ఎంపిక పెట్టండి. తర్వాత సి డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, అందులో మీ పేరున్న ఫోల్డరు, అందులో అప్లికేషన్ డేటా, మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. అక్కడ 'డెస్క్‌టాప్' అనే పేరుతో, హెచ్‌టీటీ అనే తోకతో ఒక ఫైలు ఉంటుంది. దాన్ని తీసేసి లాగాఫ్ అయి తిరిగి రండి. మీకు కనిపించిన స్క్రిప్ట్ ఎర్రర్ ఆ పేజీలోని బటన్‌దే. పేజీ పోతే బటన్ పోతుంది, బటన్ పోతే ఎర్రరూ పోతుంది. ఆ ఎర్రర్‌ను విడిగా బాగుచేయాలని, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో గంటలు గంటలు తవ్విన వాళ్లను చూశాను. అంత శ్రమ అక్కర్లేదు.

ఇక షట్‌డౌన్. ఆ స్నేహితుడు పెట్టిన గడియారం, క్యాలెండర్, ఐకాన్ల వరుస, ఈ మూడూ కంప్యూటర్ తెరవగానే మొదలై, మూసేదాకా నడుస్తూ ఉంటాయి. 512 ఎంబీ మెమరీలో అవి కూర్చున్న చోటు తక్కువేమీ కాదు. మూడింటిలో ఏదో ఒకటి విండోస్ 'ఇక చాలు' అన్నప్పుడు సమాధానం చెప్పడం లేదని నా అనుమానం. దోషి ఎవరో ఊహించనక్కర్లేదు, ఎక్స్‌పీయే చెబుతుంది. ఈసారి నేరుగా షట్‌డౌన్ చేయకుండా ముందు లాగాఫ్ నొక్కి, చేతులు కట్టుకుని తెరను చూడండి. మొరాయించిన ప్రోగ్రాం ఉంటే 'ఎండ్ ప్రోగ్రామ్' అని చిన్న పెట్టె వస్తుంది. లోపల పాకే ఆకుపచ్చ గీతను, 'ఎండ్ నౌ' బటన్‌ను పట్టించుకోకండి. పెట్టె పైన తలకట్టులో, 'ఎండ్ ప్రోగ్రామ్' అన్న మాట పక్కనే ఒక పేరు ఉంటుంది. ఆ పేరు కాగితం మీద రాసుకోండి. ఇన్నాళ్లూ ఆ పెట్టె మీకు కనిపించే ఉంటుంది. విసుగులో ఎవరూ పై వరుస చదవరు.

పేరు దొరికితే కంట్రోల్ ప్యానెల్‌లోని 'యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్' నుంచి దాన్ని పూర్తిగా తీసేయండి. పేరు దొరకకపోతే స్టార్ట్ మెనూలోని రన్ పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి, స్టార్టప్ ట్యాబ్‌లో ఆ మూడింటి టిక్కులూ తీసి రీస్టార్ట్ చేయండి. తర్వాత రోజుకు ఒక్కటి చొప్పున తిరిగి పెట్టండి. మూడూ ఒక్కసారే తిరిగి పెడితే మనకు తెలిసేది ఏమీ ఉండదు. నా మాట వింటే గడియారాన్ని అసలే పెట్టవద్దు. టాస్క్‌బార్ కుడి మూలన ఒకటి ఉండనే ఉంది, దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే నెల క్యాలెండరూ వస్తుంది.

ఈలోగా షట్‌డౌన్ మళ్లీ ఇరుక్కుంటే గోడ స్విచ్ జోలికి వెళ్లకండి. కంప్యూటర్ ముందున్న పవర్ బటన్‌ను ఒక్కసారి తేలిగ్గా నొక్కి వదిలి, అయిదు నిమిషాలు ఆగండి. చాలా యంత్రాల్లో అది షట్‌డౌన్ ఆజ్ఞే. అదీ పనిచేయకపోతేనే బటన్‌ను నాలుగైదు సెకన్లు పట్టుకుని ఆపాలి. షట్‌డౌన్ బాగుపడ్డాక ఐకాన్లను మీకు నచ్చినట్టు సర్ది, వెంటనే ఒకసారి లాగాఫ్ అయి తిరిగి రండి. సర్దినవి సర్దినట్టే ఉంటే ఆ అధ్యాయం ముగిసింది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన దానికి వస్తాను. ఆ నల్ల థీమ్, ఆ సిస్టమ్ ఫైలు.

ఎక్స్‌పీ రూపాన్ని గీసేది ఎంఎస్‌స్టైల్స్ అనే తోకతో ఉండే ఫైలు. దానిని తెరిచే ముందు యుఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలు అందులో మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉందో లేదో చూస్తుంది. సంతకం లేకపోతే తెరవదు. చిక్కేమిటంటే తెరవనని చెప్పదు కూడా. ఒక్క మాట అనకుండా క్లాసిక్ రూపానికి వెళ్లి కూర్చుంటుంది. మీ నల్ల థీమ్ ఇంట్లో ఎవరో ఇష్టంగా చేసుకున్నది, దానికి సంతకం లేదు. ఎక్స్‌పీ దానిని గుమ్మంలోనే ఆపింది. ఆ స్నేహితుడు మార్చమన్న ఫైలు ఈ యుఎక్స్‌థీమే అయి ఉంటుంది. అందులో సంతకం చూసే భాగాన్ని పనిచేయకుండా చేసిన నకలు పెడితే ఏ థీమైనా లోపలికి వస్తుంది. అతను చెప్పింది అబద్ధం కాదు. ఒకప్పుడు లక్షణంగా చాలామంది చేసిన పనే.

అయినా వద్దంటున్నాను. మొదటి కారణం, అది మీ అయిదు ఫిర్యాదుల్లో నాలుగింటిని తాకనైనా తాకదు. రెండోది, ఆ ఫైలు సర్వీస్ ప్యాక్‌ను, అంటే మైక్రోసాఫ్ట్ ఒక్కచోట చేర్చి ఇచ్చిన సవరణల మూటను బట్టి మారుతుంది. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 కోసం చేసిన నకలును, 2008 నాటి సర్వీస్ ప్యాక్ 3 ఉన్న మీ యంత్రంలో పెడితే ఏమవుతుందో చెప్పలేం. మూడోది, విండోస్ ఫైల్ ప్రొటెక్షన్ అనే కాపలా ఒకటి లోపల తిరుగుతూ ఉంటుంది. మారిన సిస్టమ్ ఫైలును గమనించగానే తన దగ్గర దాచుకున్న అసలు ప్రతిని తిరిగి పెడుతుంది, లేదా విండోస్ సీడీ పెట్టమంటుంది. దాన్ని మోసం చేయాలంటే దాచుకున్న ప్రతిని కూడా మార్చాలి. అప్పుడు ఏదైనా తేడా వస్తే అసలు ఫైలు యంత్రంలో ఎక్కడా మిగలదు.

ఈ చివరి మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఎక్స్‌పీ కొత్తగా వాడుతున్న రోజుల్లో, పేరు నొక్కి లోపలికి వెళ్లే స్వాగత తెర నాకు నచ్చక, ఎక్కడినుంచో తెచ్చిన లాగాన్‌యూఐ ఫైలును అసలు దాని మీద పెట్టేశాను. కాపలావాడు అడ్డుపడితే దాచిన ప్రతి మీద కూడా అదే పెట్టాను, పెద్ద తెలివైన పని చేశాననుకుని. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర, మధ్యలో తెల్లటి మౌస్ బాణం. బాణం కదులుతుంది, క్లిక్ చేయడానికి మాత్రం ఏమీ లేదు. సీడీతో బూట్ చేసి, రికవరీ కన్సోల్‌లోకి దిగి, ఐ386 ఫోల్డరులో కుదించి పెట్టి ఉన్న అసలు ఫైలును విప్పి పాత చోట పెట్టేదాకా ఆ రోజంతా గడిచింది. ఆ సీడీ నా దగ్గర ఉండబట్టి సరిపోయింది. మీ సీడీ ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ సంగతి మళ్లీ ఎత్తకండి.

ముదురు రంగే కావాలంటే సిస్టమ్ ఫైలు ముట్టుకోకుండా మూడు దారులున్నాయి. ఎక్స్‌పీతో వచ్చిన లూనా రూపంలోనే నీలం కాకుండా వెండి, ఆలివ్ ఆకుపచ్చ ఉన్నాయి. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లో అప్పియరెన్స్ ట్యాబ్‌లో 'కలర్ స్కీమ్' మార్చితే చాలు. వెండి కళ్లకు హాయిగా ఉంటుంది, ప్రయత్నించి చూడండి. రెండో దారి, మైక్రోసాఫ్టే సంతకం చేసి ఇచ్చిన అదనపు థీములు. ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ 2005తో వచ్చిన రాయల్ ఒకటి, మైక్రోసాఫ్ట్ మ్యూజిక్ ప్లేయర్ పేరుతో 2006లో వచ్చిన జూన్ (Zune) ఒకటి. జూన్ మీరు కోరుకునే నలుపుకు దగ్గర, స్టార్ట్ బటన్ నారింజ రంగులో మెరుస్తుంది. ఇవి అసలైనవో కావో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఏ ఫైలూ మార్చకుండానే ఎక్స్‌పీ వాటిని తెరవాలి. 'ముందు ఈ ప్యాచ్ వేయండి' అని అడిగిందంటే మీ చేతికొచ్చింది అసలుది కాదు. ఎవరో తిరిగి మూటకట్టి, నడిపితే తనంతట తనే ఎక్కే ప్రోగ్రాంగా ఇచ్చిన వాటిని ఆశపడి తీసుకోకండి. థీమ్ అనేది బొమ్మల ఫైలు. దానికి మీ కంప్యూటర్ మీద అధికారం అక్కర్లేదు.

మూడో దారి నాకు ఇష్టమైనది, కాబట్టి నా మాటను కాస్త తగ్గించి వినండి. క్లాసిక్ రూపమే ఉంచుకుని, అప్పియరెన్స్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ఒక్కొక్క భాగానికి మీరే రంగు వేసుకోవడం. అందరూ బూడిదరంగని తిట్టే క్లాసిక్‌కు ఎవరూ సరిగా రంగులు వేసి చూడరు. తలకట్టు పట్టీకి ముదురు బొగ్గు రంగు, డెస్క్‌టాప్‌కు ఇంకాస్త ముదురు, బటన్లకు ఒక మెట్టు తేలిక. కొత్త ఫైలు ఒక్కటీ అక్కర్లేదు, మెమరీ భారం కూడా తక్కువే. 'విండో' అనే భాగాన్ని మాత్రం నల్లగా చేయకండి. పాత ప్రోగ్రాములు కొన్ని వెనకరంగును విండోస్ నుంచి తీసుకుంటాయి గానీ అక్షరాలు మాత్రం ఎప్పుడూ నలుపులోనే రాస్తాయి. నలుపు మీద నలుపు పడి, మీ స్కానర్ ప్రోగ్రాంలో ఏ బటన్ ఏదో తెలియకుండా పోతుంది.

ఇన్ని చేసినా ఏదో ఒకటి సరిపడకపోతే, ఇంకే సెట్టింగూ మార్చకుండా కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌లోకి వెళ్లి, 'పరీక్ష' అని కొత్త ఖాతా ఒకటి తెరిచి అందులోకి వెళ్లి చూడండి. అక్కడ అంతా బాగుంటే చెడింది విండోస్ కాదు, మీ ఖాతాలోని సెట్టింగులు. అక్కడా అదే బాధ ఉంటే మాత్రం లోతుగా చూడాలి. రెండు నిమిషాల పని, రెండు రోజుల తంటాను తప్పిస్తుంది.

ఫోటో గురించి. ఫోను ఫోటో 4000×3000 చుక్కలది అనుకుందాం. జేపెగ్‌గా ఉన్నప్పుడు అది చిన్నగా మడతపెట్టిన గుడ్డ. డిస్‌ప్లే ప్రాపర్టీస్ నుంచి వాల్‌పేపర్‌గా పెట్టినప్పుడు ఎక్స్‌పీ దానిని పూర్తిగా విప్పి, బీఎంపీ ఫైలుగా రాసి పెట్టుకుంటుంది. చుక్కకు మూడు బైట్లు చొప్పున 3.6 కోట్ల బైట్లు. అదే ఫోటోను ముందుగానే 1024×768కి తగ్గించి పెడితే 23.6 లక్షల బైట్లు, అంటే దాదాపు పదిహేనో వంతు. మీ తెర చూపగలిగింది అంతే కాబట్టి పోయే అందమేమీ లేదు. తగ్గించే పని ఫోనులోనే చేసుకుని తర్వాత ఎక్కించండి, ఎక్స్‌పీలోని పెయింట్ ఫోటోలను కుదిస్తే అంచులు గరుకుగా వస్తాయి. అడ్డంగా వెడల్పుగా తీసిన ఫోటో అయితే ముందే 4:3 నిష్పత్తికి కత్తిరించండి. ఎక్స్‌పీకి సెంటర్, టైల్, స్ట్రెచ్ అనే మూడే తెలుసు. కొలత చూసి కత్తిరించి నింపే తెలివి విండోస్ 7 నాటికి గానీ రాలేదు. స్ట్రెచ్ పెడితే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగిపోతారు.

చిన్న విషయాలు రెండు. కొంతకాలం పోయాక కొన్ని ఐకాన్లు మాయమయ్యాయని కంగారుపడకండి. ఎక్స్‌పీలో డెస్క్‌టాప్ క్లీనప్ విజార్డ్ అనేది 60 రోజులకోసారి లేచి, వాడని షార్ట్‌కట్లను 'అన్‌యూజ్డ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్స్' అనే ఫోల్డరులోకి సర్దుతానంటుంది. ఇందాక వెళ్లిన 'కస్టమైజ్ డెస్క్‌టాప్' పెట్టెలోనే దాని టిక్కు ఉంది, తీసేయండి. ఇక, ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టాలని మీకు ఎప్పుడైనా అనిపించి, అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే అది థీమ్ తప్పు కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్, లాంగ్వేజెస్ ట్యాబ్‌లో సంక్లిష్ట లిపుల ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయమనే మొదటి టిక్కు పెట్టాలి. అది సీడీ అడగవచ్చు. విండోస్ 2000లో దేవనాగరి, తమిళ లిపులకే చోటు దొరికింది. తెలుగు ఎక్స్‌పీతోనే వచ్చింది, గౌతమి ఫాంటుతో సహా.

ఈ యంత్రానికి నెట్ కేబుల్ తగిలించి ఉంటే తీసేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. స్కానర్ నడవడానికి నెట్ అవసరం లేదు, వాల్‌పేపర్లు పెన్‌డ్రైవ్ మీద తెచ్చుకోవచ్చు.

ఇదంతా ఒకే రోజు చేయకండి. ఈ రోజు పట్టీలు, తెల్ల పేజీ. రేపు లాగాఫ్ చేసి ఆ పెట్టె తలకట్టు మీది పేరు చూడండి. థీమ్ జోలికి షట్‌డౌన్ వరుసగా వారం రోజులు సరిగ్గా పూర్తయ్యాకే వెళ్లండి. ఆ వారంలో తెల్ల పేజీ మళ్లీ వస్తే, మీరు కాగితం మీద రాసుకున్న పేరును నాకు రాసి పంపండి.